పరాయి పొగ వద్దన్న ఊరు: ఐస్‌లాండ్ ‘కోడా’ వివాదం వెనక కథ

కార్బన్ డయాక్సైడ్‌ను భూమి లోపల రాయిగా మార్చే పని గురించి ఐస్‌లాండ్‌లో మళ్లీ గొడవ రాజుకుంది. హాఫ్నార్‌ఫ్యోర్దుర్ పట్టణం పక్కన, పరాయి దేశాల గ్యాస్‌ను ఓడల్లో తెచ్చి భూమిలోకి పంపడానికి తలపెట్టిన కోడా టెర్మినల్‌ను కార్బ్‌ఫిక్స్ సంస్థ 2025 జనవరిలో వదులుకుంది. అంతటితో విషయం చల్లారుతుందని చాలామంది అనుకున్నారు. కానీ అదే పథకానికి ఇంకో తీరం దొరుకుతుందా అన్న మాట వచ్చింది. ఉత్తరాన ఉన్న హుసావిక్ పేరు వినిపించింది. దాంతో హాఫ్నార్‌ఫ్యోర్దుర్ వాళ్లు అడిగిన ప్రశ్నలన్నీ మళ్లీ బయటికొచ్చాయి.

వాతావరణం ఎందుకు వేడెక్కుతోందో ఇక్కడ మళ్లీ చెప్పనక్కర్లేదు. రాయి తయారయ్యే పద్ధతి మాత్రం క్లుప్తంగా చెప్పుకోవాలి. గ్యాస్‌ను నీళ్లలో కరిగిస్తారు, గోలీసోడాలో కరిగించినట్టే. పుల్లగా మారిన ఆ నీటిని బసాల్ట్ రాతి పొరల్లోకి పంపుతారు. లావా చల్లారి గట్టిపడిన నల్లరాయే బసాల్ట్. ఆ నీరు రాయిని కొంచెం కొంచెంగా కరిగిస్తూ కాల్షియం, మెగ్నీషియం, ఇనుములను బయటికి లాగుతుంది. అవి కార్బన్‌తో కలిసి రాతి రంధ్రాల్లో తెల్లటి ఖనిజంగా పేరుకుంటాయి. మన సున్నపురాయి కూడా ఆ కుటుంబానిదే. మామూలుగా గ్యాస్‌ను భూమిలో దాస్తే పైకి తన్నుకొస్తుందేమోనన్న భయం ఉంటుంది. ఇక్కడ గ్యాస్ కరిగిన నీరు మామూలు నీటికంటే బరువు కాబట్టి కిందికే దిగుతుంది.

ఈ పద్ధతి పనిచేస్తుందని 2012లో హెల్లిస్‌హేది భూతాప విద్యుత్ కేంద్రం దగ్గర మొదలైన ప్రయోగంతో తేలింది. రాజధాని రెక్యావిక్‌కు అది సుమారు 25 కిలోమీటర్ల దూరం. ఆ ఏడాది మొదట్లో అక్కడ 175 టన్నుల గ్యాస్‌ను భూమిలోకి పంపారు. రాయిగా మారడానికి వందల ఏళ్లు పట్టొచ్చని అప్పటిదాకా చాలామంది శాస్త్రవేత్తల అంచనా. నీళ్లు ఎటు వెళ్తున్నాయో చూడటానికి పక్కన తవ్విన బావిలో పంపు ఆగిపోయింది. పైకి తీస్తే దానికి కాల్సైట్ అనే తెల్లటి ఖనిజం పట్టి ఉంది. పంపిన కార్బన్‌లో 95 శాతానికి పైగా రెండేళ్లలోపే ఖనిజంగా మారిందని 2016లో ‘సైన్స్’ పత్రికలో లెక్కలు వచ్చాయి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, వల్లూలా దగ్గర 2013లో సుమారు వెయ్యి టన్నులు పంపిన మరో ప్రయోగంలోనూ ఖనిజం ఏర్పడింది. రసాయన శాస్త్రం వరకు నాకు ఎలాంటి అనుమానం లేదు. గొడవ పుట్టింది అక్కడ కాదు.

ఈ కథ రాసేవాళ్లు ఎక్కువగా 2016 దగ్గర ఆగి, అదే మలుపు అంటారు. నా దృష్టిలో అసలు మలుపు ఆ తర్వాత వచ్చింది. సొంత కేంద్రంలో పుట్టిన గ్యాస్‌ను అక్కడే పాతిపెట్టడం మాని, పరాయి దేశాల పొగను ఓడల్లో తెచ్చి ఊరి పక్కన దించుదామనుకున్న రోజది. ఆ తేడా అర్థం కావాలంటే హెల్లిస్‌హేదిలో ఈ పని ఎందుకు మొదలైందో చూడాలి. భూగర్భం నుంచి వచ్చే ఆవిరితో పాటు అక్కడ హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా వస్తుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిదే. గాలిలో అది ఎంతవరకు ఉండొచ్చో 2010లో ప్రభుత్వం పరిమితి పెట్టింది. కేంద్రాన్ని అప్పట్లో నడిపిన రెక్యావిక్ ఎనర్జీ, ఆ వాసనను వదిలించుకునే ఖర్చుతోనే కార్బన్‌ను కూడా కలిపి భూమిలోకి పంపగలిగింది. 2014 నుంచి అది రోజువారీ పనైపోయింది. కరెంటు వాళ్లది, వాసన వాళ్లది, బాగుచేసుకున్నదీ వాళ్లే. దాని మీద ఎవరికీ పెద్దగా అభ్యంతరం రాలేదు.

హాఫ్నార్‌ఫ్యోర్దుర్ సంగతి వేరు. ఆ ఊరి అంచున స్ట్రౌమ్స్‌విక్‌లో అల్యూమినియం తయారుచేసే ఫ్యాక్టరీ, అంటే స్మెల్టర్ ఉంది. దాని ఉత్పత్తిని ఏటా 1.8 లక్షల టన్నుల నుంచి 4.6 లక్షల టన్నులకు పెంచుతామని అప్పటి యజమాని ఆల్కాన్ అడిగితే, పురపాలక సంఘం ఊరంతటినీ ఓటు వేయమంది. 2007 మార్చి 31న ఓటింగ్ జరిగింది. వద్దన్నవాళ్లు 6,382, కావాలన్నవాళ్లు 6,294. తేడా 88 ఓట్లు. ఊరు నిట్టనిలువునా చీలినా ఆ తీర్పు నిలబడింది, విస్తరణ ఆగింది. కార్బ్‌ఫిక్స్ పుట్టింది కూడా 2007లోనే. రెక్యావిక్ ఎనర్జీ, ఐస్‌లాండ్ విశ్వవిద్యాలయం, అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం, ఫ్రాన్స్‌లోని పరిశోధన సంస్థ సీఎన్ఆర్ఎస్ కలిసి దాన్ని మొదలుపెట్టాయి. ఆ రెండు విషయాల్నీ అప్పట్లో ఎవరూ కలిపి చూసి ఉండరు. కానీ తమ తీరంలో ఏం రావాలో తామే తేల్చుకోవాలన్న అలవాటు ఆ ఊరికి అబ్బింది ఆ ఓటుతోనే.

2011 జ్ఞాపకం కూడా ఉంది. హెల్లిస్‌హేది దగ్గరే హుస్మూలిలో వాడేసిన భూతాప నీటిని తిరిగి భూమిలోకి పంపడం ఆ సెప్టెంబరులో మొదలుపెట్టారు. అక్టోబరులో సుమారు 4 తీవ్రతతో రెండు భూకంపాలు వచ్చాయి. దగ్గర్లోని క్వేరాగెర్ది పట్టణంలో ఇళ్లు కదిలాయి. అక్కడ పంపింది కార్బన్ కాదు, ఉత్త నీళ్లే. ఆ మాట నిజం. కానీ కోడాలోనూ పంపాల్సింది ఎక్కువగా నీళ్లే కదా! ఒక టన్ను గ్యాస్‌కు సుమారు 25 టన్నుల నీళ్లు కావాలి. పూర్తి స్థాయిలో నడిస్తే ఏటా 30 లక్షల టన్నుల గ్యాస్ పాతిపెడతామన్నారు. గుణించి చూస్తే ఏటా ఏడున్నర కోట్ల టన్నుల నీళ్లు. మన లెక్కలో రెండున్నర టీఎంసీల పైమాటే. సెకనుకు దాదాపు 2,400 లీటర్లు భూమిలోంచి తోడి మళ్లీ భూమిలోకే పంపాలి. దగ్గర్లో వెల్లిర్ కాలనీ ఇళ్లు ఉన్నాయి, పిల్లల బడులున్నాయి. భూగర్భజలం మట్టం ఏమవుతుందని, నేల కదిలితే ఎవరు పూచీ అని, యూరప్ ఫ్యాక్టరీల నుంచి వచ్చే గ్యాస్‌లో ఇంకేమేం కలిసొస్తాయని అక్కడివాళ్లు అడిగారు. వేల మంది సంతకాలు పెట్టారు. 2007లోలాగా ఓటింగ్ పెట్టమన్నారు.

సంస్థ సమాధానం ఇది: ఆ నీరు ఎలాగూ సముద్రంలోకి పోయేదే, తాగునీటి ఊటలు ఎగువన ఉన్నాయి, వచ్చే గ్యాస్‌ను పరీక్షించే తీసుకుంటాం, ఒత్తిడిని అదుపులో ఉంచితే పెద్ద భూకంపాలు రావు. యూరోపియన్ యూనియన్ ఇన్నోవేషన్ ఫండ్ 2022లో ఈ పథకానికి 11 కోట్ల యూరోలకు పైగా సాయం ప్రకటించింది. ఆ డబ్బుతో పథకం పరిమాణం, గడువు రెండూ ముందే ఖాయమయ్యాయి. ఊరిని అడగాల్సిన మాట వెనకబడింది. నాకు బాధ కలిగించేది ఇదే. భూమి వేడెక్కడాన్ని ఆపడానికి ఇంత మంచి పద్ధతి చేతిలో ఉండి, ఊరివాళ్లతో కూర్చుని మాట్లాడకపోవడం వల్ల దానిమీదే అపనమ్మకం ముదిరింది.

2025 మేలో ఇంకో దెబ్బ తగిలింది. హెల్లిస్‌హేదిలోనే స్విట్జర్లాండ్ కంపెనీ క్లైమ్‌వర్క్స్ గాలి నుంచి నేరుగా కార్బన్‌ను లాగే యంత్రాలు పెట్టింది. 2021లో మొదలైన ఓర్కా సామర్థ్యం ఏటా 4,000 టన్నులని చెప్పారు. 2024లో వచ్చిన మమ్మోత్‌ది 36,000 టన్నులు. నిజంగా పట్టింది అందులో చాలా తక్కువని ఐస్‌లాండ్ పత్రిక ‘హేమిల్దిన్’ బయటపెట్టింది. అది గాలి నుంచి గ్యాస్ లాగే యంత్రాల సమస్య. రాయిగా మార్చే పద్ధతిలో లోపం కాదు. కానీ రెండూ ఒకే చోట ఉండటంతో మామూలు జనానికి ఆ తేడా తెలియలేదు. తెలియజెప్పే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది.

మనకు ఇది దూరదేశపు ముచ్చట కాదు. దక్కన్ పీఠభూమిలో పెద్ద భాగం ఈ బసాల్టే. ఆదిలాబాద్, వికారాబాద్ వైపు నల్లరేగడి ఆ రాయి అరిగి ఏర్పడిన నేలే. రాజమహేంద్రవరం చుట్టుపక్కల క్వారీల్లో కొట్టే నల్ల కంకర కూడా ఆ జాతి రాయే. దక్కన్ బసాల్ట్‌లో కార్బన్‌ను దాచగలమా అని హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఎప్పుడో అధ్యయనం చేసింది. ఐస్‌లాండ్‌లో బసాల్ట్ వయసు తక్కువ, నీరు పారే సందులు ఎక్కువ. మనది ఆరున్నర కోట్ల ఏళ్ల నాటిది, పైగా బోరు మీద బతికే పల్లెలు దాని మీదే ఉన్నాయి. టన్నుకు 25 టన్నుల నీళ్లన్న లెక్క ఆ పల్లెల్లో ఎవరు చెప్పినా ముందు అడిగేది ఒకటే: ఆ నీళ్లు ఎక్కడివి?

హెల్లిస్‌హేదిలో గ్యాస్‌ను భూమిలోకి పంపడం ఇప్పటికీ సాగుతోంది. హాఫ్నార్‌ఫ్యోర్దుర్‌లో మాత్రం జనం అడిగిన ఓటింగ్ జరగనే లేదు. అది జరిగేలోపే సంస్థ వెనక్కి తగ్గింది. స్మెల్టర్ సంగతి 88 ఓట్లతో తేలింది. కోడా కావాలన్నవాళ్లెందరో, వద్దన్నవాళ్లెందరో లెక్క తేలకుండానే పథకం ఇంకో ఊరి వైపు కదిలింది.