ఎస్‌క్యూఎల్ ప్లస్: అపోహలు - వాస్తవాలు (సెమికోలన్, స్లాష్, హైఫన్ కథ)

ఒరాకిల్ డీబీఏ (డేటాబేస్ చూసుకునే అడ్మిన్) పనిలో నేను ఎక్కువసార్లు విన్న మాట "స్క్రిప్ట్ కరెక్టే సార్, డేటాబేస్‌లోనే ఏదో తేడా ఉంది" అని. తీరా చూస్తే డేటాబేస్‌కి ఆ సంగతే తెలీదు, మధ్యలో ఉన్న ఎస్‌క్యూఎల్ ప్లస్ (ఒరాకిల్‌కి కమాండ్లు టైప్ చేసి పంపే టూల్) మనం టైప్ చేసిన ప్రతి లైనూ ముందు తను చదువుకుని, తనకి అర్థమైన గుర్తులు తను తీసేసుకుని, మిగిలింది మాత్రమే సర్వర్‌కి పంపిస్తుంది. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే కింద రాసినవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి. కొత్తగా ప్రొడక్షన్ సపోర్ట్‌లోకి వచ్చే పిల్లలు ఇవి తెలీక రాత్రుళ్లు ఇబ్బంది పడటం చూశాను, అందుకే ఓపిగ్గా రాస్తున్నా.

అపోహ: సెమికోలన్ అనేది ఎస్‌క్యూఎల్‌లో భాగం, స్లాష్ కూడా అలాంటిదే, రెండూ పెడితే ఇంకా సేఫ్.

వాస్తవం: మామూలు సెలెక్ట్, అప్‌డేట్ లాంటి వాటికి సెమికోలన్ అంటే "ఇక్కడితో అయిపోయింది, రన్ చెయ్యి" అని ఎస్‌క్యూఎల్ ప్లస్‌కి చెప్పే గుర్తు మాత్రమే, అది సర్వర్ దాకా వెళ్లదు. అందుకే అదే క్వెరీని సెమికోలన్‌తో సహా జావా ప్రోగ్రామ్‌లో పెడితే ఏళ్ల తరబడి ఓఆర్‌ఏ-00911 ఇన్‌వాలిడ్ క్యారెక్టర్ అని కొట్టింది. పీఎల్ ఎస్‌క్యూఎల్ (ఒరాకిల్ ప్రోగ్రామింగ్ భాష) బ్లాక్‌లో సంగతి వేరు, అక్కడ ఎండ్ తర్వాత సెమికోలన్ భాషలో భాగమే, దాన్ని రన్ చేయడానికి కింద లైన్లో స్లాష్ విడిగా కావాలి. స్లాష్ అంటే "బఫర్‌లో (చివరగా టైప్ చేసిన స్టేట్‌మెంట్‌ని ఎస్‌క్యూఎల్ ప్లస్ దాచుకునే చోటు) ఉన్నది రన్ చెయ్యి" అని అర్థం, అంతకంటే ఏం లేదు.

ఇప్పుడు ఎంప్ టేబుల్ (ఒరాకిల్ ప్రాక్టీసు కోసం ఇచ్చే 14 మంది ఉద్యోగుల టేబుల్) తీసుకోండి. జీతాలు పది శాతం పెంచే అప్‌డేట్ రాసి, చివర సెమికోలన్ పెట్టి, కింద లైన్లో అలవాటుగా స్లాష్ కూడా పెడితే అది రెండుసార్లు రన్ అవుతుంది. స్మిత్ జీతం 800 నుంచి 880 అవ్వాల్సింది 968 అవుతుంది. ఎర్రర్ ఏమీ రాదు, "14 రోస్ అప్‌డేటెడ్" అని రెండుసార్లు కనిపిస్తుంది, అర్ధరాత్రి డిప్లాయ్‌మెంట్‌లో స్క్రీన్ పరుగెడుతుంటే రెండోసారి ఎవరు చూస్తారు. ఇన్సర్ట్ అయితే ప్రైమరీ కీ ఉంటే ఓఆర్‌ఏ-00001 వచ్చి బతికిపోతాం, కీ లేని లాగ్ టేబుల్స్‌లో డూప్లికేట్ రోలు చేరిపోతాయి. నేను పనిచేసిన ఒకచోట సరిగ్గా ఇదే జరిగింది, మూడు రోజులు అప్లికేషన్ కోడ్‌లో వెతికాం.

అపోహ: మధ్యలో ఖాళీ లైను ఉంటే ఏమవుతుంది, చూడ్డానికి నీట్‌గా ఉంటుంది కదా.

వాస్తవం: ఎస్‌క్యూఎల్ స్టేట్‌మెంట్ మధ్యలో ఖాళీ లైను వస్తే స్టేట్‌మెంట్ అక్కడితో ముగిసిందని ఎస్‌క్యూఎల్ ప్లస్ అనుకుంటుంది, రన్ చేయదు గానీ బఫర్‌లో దాచుకుంటుంది. ఇక్కడే నాకు నిజంగా భయం వేసే కేసు ఉంది. "డిలీట్ ఫ్రమ్ ఎంప్" అని ఒక లైను, తర్వాత ఖాళీ లైను, తర్వాత వేర్ కండిషన్, దాని చివర సెమికోలన్, కింద స్లాష్. బఫర్‌లో ఉన్నది వేర్ లేని డిలీట్. వేర్ లైను చూసి "అన్‌నోన్ కమాండ్" అంటూ ఎస్‌పీ2-0734 ఇస్తుంది, ముందుకెళ్తుంది. తర్వాత స్లాష్ వస్తుంది, బఫర్‌లో ఉన్నది రన్ అవుతుంది, టేబుల్ మొత్తం ఖాళీ. సెట్ ఎస్‌క్యూఎల్‌బ్లాంక్‌లైన్స్ ఆన్ అని స్క్రిప్ట్ పైన ఒక్క లైను పెడితే ఈ ప్రమాదం పోతుంది, డిఫాల్ట్‌గా అది ఆఫ్‌లో ఉంటుంది. దయచేసి పెట్టండి.

అపోహ: లైను చివర హైఫన్ అంటే మైనస్సే.

వాస్తవం: లైను చివర్లో హైఫన్ ఉంటే "కింది లైను కూడా దీంట్లో కలుపు" అని అర్థం, ఎస్‌క్యూఎల్ ప్లస్ ఆ హైఫన్‌ని తీసేసి రెండు లైన్లు కలిపేస్తుంది. 200 మైనస్ పెట్టి కింద లైన్లో 100 రాస్తే "200 100" అని వెళ్లి ఓఆర్‌ఏ-00923 వస్తుంది, అది నయం, కనీసం ఎర్రర్ వచ్చింది. కానీ శాల్ (జీతం కాలమ్) మైనస్ పెట్టి కింద లైన్లో కామ్ (కమిషన్ కాలమ్) అని రాశారనుకోండి, అది "శాల్ కామ్" అవుతుంది, అంటే కామ్ అనేది కాలమ్ అలియాస్ (జీతం కాలమ్‌కి పెట్టిన మారుపేరు) అయిపోతుంది, ఎర్రర్ లేకుండా హెడింగ్‌లో కామ్ అనీ కింద మొత్తం జీతాలూ వస్తాయి. తీసివేత జరగనే లేదు. రిపోర్ట్ చూసినవాళ్లకి నంబర్లు మామూలుగానే కనిపిస్తాయి. అందుకే మైనస్ ఎప్పుడూ కింది లైను మొదట్లో పెట్టండి. ప్రాంప్ట్ కమాండ్‌తో (స్క్రీన్ మీద మాటలు చూపించేది) అందం కోసం వరసగా గీతలు గీసేవాళ్లు కూడా జాగ్రత్త, చివరి హైఫన్ వల్ల కింద ఉన్న కమాండ్ ప్రాంప్ట్‌లో కలిసిపోయి రన్ అవదు. హైఫన్ బదులు = వాడితే సరిపోతుంది.

అపోహ: కోట్స్ లోపల ఉన్నది డేటా, దాన్ని ఎవరూ ముట్టుకోరు.

వాస్తవం: & గుర్తు కోట్స్ లోపల ఉన్నా ఎస్‌క్యూఎల్ ప్లస్ వదలదు, దాని తర్వాతి పదాన్ని మనం విలువ ఇవ్వాల్సిన వేరియబుల్ అనుకుంటుంది. 'బాలాజీ & సన్స్' అని ఇన్సర్ట్ చేస్తే "ఎంటర్ వాల్యూ ఫర్ సన్స్" అని అడుగుతుంది, చిరాకుగా ఎంటర్ కొడితే సన్స్ లేని పేరు టేబుల్‌లోకి వెళ్తుంది. స్టేట్‌మెంట్ లోపల కామెంట్‌లో & ఉన్నా అంతే. డేటా లోడ్ స్క్రిప్ట్‌లకి సెట్ డిఫైన్ ఆఫ్ (ఇలా అడగడం ఆపేసే సెట్టింగ్) తప్పనిసరి. వేరియబుల్స్ కావాలనే వాడేచోట ఇంకో మెలిక ఉంది, వేరియబుల్ పేరు వెంటనే వచ్చే మొదటి చుక్కని అది పేరు అయిపోయిందని చెప్పే గుర్తుగా తీసేసుకుంటుంది, కాబట్టి స్పూల్ ఫైలు (అవుట్‌పుట్ దాచుకునే ఫైలు) పేరులో చుక్క మిగలాలంటే రెండు చుక్కలు పెట్టాలి.

సెమికోలన్ తర్వాత అదే లైన్లో కామెంట్ రాయొద్దు, కామెంట్ మొదలుపెట్టే /* తర్వాత ఒక స్పేస్ వదలండి, లేకపోతే ఆ స్లాష్‌ని రన్ కమాండ్ అనుకుని బఫర్‌లో ఉన్నది మళ్లీ నడుస్తుంది.

అపోహ: కమిట్ (మార్పుల్ని ఖాయం చేసే కమాండ్) కొట్టకుండా బయటికి వస్తే మార్పులు పోతాయి.

వాస్తవం: ఎగ్జిట్ అని టైప్ చేసి వస్తే డిఫాల్ట్‌గా కమిట్ అవుతుంది. సెషన్ మధ్యలో తెగిపోతే మాత్రం రోల్‌బ్యాక్ అవుతుంది, అంటే మార్పులు వెనక్కి పోతాయి. ఇంటర్వ్యూల్లో కూడా చాలామంది ఈ రెండూ కలిపేసుకుంటారు. వద్దనుకుంటే ఎగ్జిట్ రోల్‌బ్యాక్ అని స్పష్టంగా రాయాలి. వెన్‌ఎవర్ ఎస్‌క్యూఎల్ఎర్రర్ ఎగ్జిట్ (ఎర్రర్ వస్తే ఆగి బయటికి రమ్మనే కమాండ్) అని పెట్టి ధీమాగా ఉండేవాళ్లకి కూడా ఇదే వర్తిస్తుంది, చివర రోల్‌బ్యాక్ అని చేర్చకపోతే ఎర్రర్ వచ్చి బయటికొస్తూ అప్పటిదాకా చేసింది కమిట్ చేసేస్తుంది.

అపోహ: డిస్‌ప్లే తేడాగా ఉంటే డేటా పాడైనట్టే.

వాస్తవం: కాలమ్ వెడల్పు చాలక నంబర్ బదులు #### వస్తుంది, క్లాబ్ (పొడుగాటి టెక్స్ట్ దాచే రకం) కాలమ్ 80 అక్షరాల దగ్గర ఆగిపోతే అది సెట్ లాంగ్ డిఫాల్ట్. అమీర్‌పేటలో స్కాట్, టైగర్‌తో (ప్రాక్టీసు అకౌంట్ యూజర్ పేరు, పాస్‌వర్డ్) లాగినై నేర్చుకున్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది, పేరూ జీతమూ సెలెక్ట్ చేస్తే 11 మంది వచ్చాక హెడింగ్ మళ్లీ వచ్చి మిగతా ముగ్గురు కనిపించేవాళ్లు, పేజ్‌సైజ్ డిఫాల్ట్ 14 కాబట్టి (అందులో మూడు లైన్లు హెడింగ్ భాగానికే పోతాయి).

ఇంకొక్కటి, ఇది చాలామందికి తెలీదు. వెన్‌ఎవర్ ఎస్‌క్యూఎల్ఎర్రర్ అనేది సర్వర్ ఇచ్చే ఎర్రర్లనే పట్టుకుంటుంది, ఎస్‌పీ2తో మొదలయ్యేవి ఎస్‌క్యూఎల్ ప్లస్ సొంత ఎర్రర్లు, వాటిని పట్టదు. పైన చెప్పిన ఖాళీ లైను డిలీట్‌లో ఉన్న ఒకే ఒక్క హెచ్చరిక ఆ ఎస్‌పీ2-0734. కాబట్టి రన్ అయ్యాక స్పూల్ లాగ్‌లో ఓఆర్‌ఏ అని మాత్రమే కాకుండా ఎస్‌పీ2 అని కూడా వెతకండి, వీలైతే సెట్ ఎర్రర్‌లాగింగ్ ఆన్ పెట్టండి, అది రెండు రకాల ఎర్రర్లనీ ఒక టేబుల్‌లో రాసిపెడుతుంది.