ట్యాంకు నిండితే మోటారు ఆగుతుంది

కనిగిరి నుంచి నా పాత విద్యార్థి ఒకతను వాట్సాప్‌లో ల్యాబ్ రిపోర్టు ఫొటో పంపాడు. వయసు 56, శనగల వ్యాపారం. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ డెసిలీటరుకు 286 నానోగ్రాములు, పక్కన 'తక్కువ' అని గుర్తు. "సార్, ఒంట్లో ఓపిక ఉండటంలా, దేని మీదా మనసు పోవటంలా. ఇంజెక్షన్ వేయించుకుంటే పాతికేళ్ల కుర్రాడివైపోతావంటున్నారు. వేయించుకోనా?"

రక్తం ఎన్ని గంటలకు ఇచ్చావని అడిగాను. సాయంత్రం అయిదింటికి, పెళ్లి భోజనం చేసొచ్చి ఇచ్చాడట!

టెస్టోస్టిరాన్ ఏం చేస్తుందో మా జిల్లావాళ్లకు పాఠం చెప్పక్కర్లేదు. ఒంగోలు ఆంబోతునూ, చిన్నప్పుడే విత్తులు నొక్కించిన ఎద్దునూ పక్కపక్కన నిలబెట్టి మూపురం, మెడ చూస్తే చాలు. నాకు ముచ్చటేసేది ఒంట్లో దాని లెక్క తప్పకుండా చూసే ఏర్పాటు. నీళ్ల బాధ తెలిసిన కనిగిరివాళ్లకు అది ఇట్టే అర్థమవుతుంది.

మేడ మీద ట్యాంకు, అందులో ఫ్లోటు, గోడకు స్టార్టరు, పెరట్లో బోరు మోటారు. ట్యాంకు మన రక్తం. ఫ్లోటు మెదడులోని హైపోథాలమస్. మట్టం తగ్గిందనిపిస్తే సుమారు గంటన్నర, రెండు గంటలకోసారి జీఎన్ఆర్‌హెచ్ అనే హార్మోన్ని విడతగా వదులుతుంది. కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి స్టార్టరు. అది ఎల్‌హెచ్ అనే ఇంకో హార్మోన్ని రక్తంలోకి పంపుతుంది. వృషణాల్లోని లైడిగ్ కణాలు మోటారు. ఎల్‌హెచ్ తగలగానే కొలెస్టరాల్‌ని టెస్టోస్టిరాన్‌గా మారుస్తాయి. మట్టం పెరిగితే ఫ్లోటు లేస్తుంది, మోటారు ఆగుతుంది.

ఆడవాళ్లకు నెలసరి ఆగినట్టు మగవాళ్లలో ఇది ఒక్కసారిగా ఆగదు. నడివయసు నుంచి ఏడాదికి సుమారు 1 శాతం చొప్పున తగ్గుతుంది. ఉన్నదాంట్లోనూ నూటికి రెండు పాళ్లే స్వేచ్ఛగా తిరుగుతుంది. మిగతాది ప్రొటీన్లను అంటిపెట్టుకుని ఉంటుంది. వాటిలో ఎస్‌హెచ్‌బీజీ అనేది వయసుతోపాటు పెరుగుతుంది కాబట్టి స్వేచ్ఛగా దొరికేది ఇంకాస్త వేగంగా తగ్గుతుంది.

ఇప్పుడు ఇంజెక్షన్ సంగతి. ఇంజెక్షనంటే డబ్బిచ్చి తెప్పించుకున్న ట్యాంకరు. ట్యాంకు నిండుతుంది, బాగానే ఉంటుంది. ఫ్లోటుకు మాత్రం నీళ్లు బోరువా, ట్యాంకరువా అన్నది తెలియదు. నిండిందంటే నిండినట్టే, స్టార్టరు పడుకుంటుంది. నెలల తరబడి తిప్పని మోటారు ఏమవుతుందో మనకు తెలుసు. వృషణాలూ అంతే, పనిలేక చిన్నవైపోతాయి. ఇంజెక్షన్ మానేశాక మళ్లీ తిరగడానికి నెలలు పడుతుంది.

బోరు పక్కనే ఒక కరివేపాకు చెట్టుందనుకోండి. దానికి ట్యాంకు నీళ్లు అందవు, మోటారు దగ్గర కారే నీళ్లే ఆధారం. వీర్యకణాల తయారీ ఆ చెట్టులాంటిది. వృషణాల లోపల టెస్టోస్టిరాన్ రక్తంలోకన్నా కొన్ని పదుల రెట్లు చిక్కగా ఉండాలి. ట్యాంకరు తెప్పిస్తే మేడ మీద నీళ్లు పొంగుతున్నా పెరట్లో చెట్టు ఎండిపోతుంది. వారం వారం ఇచ్చే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ మగవాళ్ల గర్భనిరోధకంగానే పరీక్షించి 1990లో ఫలితాలు ప్రకటించింది. కండలకోసం జిమ్ములో పొడిపించుకునే కొత్త పెళ్లికొడుకులకు ఈ ముక్క ఎవరూ చెప్పరు.

మట్టం నిజంగానే తగ్గితే ఎల్‌హెచ్ కూడా చూడాలి. స్టార్టరు ఆగకుండా కొట్టుకుంటున్నా నీళ్లు రాకపోతే లోపం బోరులో ఉంది: ఎల్‌హెచ్ ఎక్కువ, టెస్టోస్టిరాన్ తక్కువ. రెండూ తక్కువైతే పైన వెతకాలి. పిట్యూటరీలో గడ్డ ఉండొచ్చు. ఊబకాయం, షుగరు ఉన్నా పైనుంచి సంకేతం మందగిస్తుంది. అలాంటి మనిషి బరువు తగ్గితే మట్టం దానంతటదే కొంత పెరుగుతుంది.

మరి వేయించుకున్నవాళ్లు హుషారొచ్చిందంటారే? 1889లో పారిస్‌లో బ్రౌన్-సెకార్డ్ అనే 72 ఏళ్ల శాస్త్రవేత్త కుక్కల, గినీపిగ్‌ల వృషణాల రసం పొడుచుకుని యవ్వనం తిరిగొచ్చిందని ప్రకటించాడు. వృషణాలు టెస్టోస్టిరాన్‌ని నిల్వ ఉంచవు, అది నీళ్లలో కరిగేదీ కాదు. ఆ రసంలో ఉన్నదల్లా నమ్మకమే. ఒక బొట్టు వీర్యం వంద బొట్ల రక్తమని భయపెట్టి, తిరునాళ్లలో లేహ్యం అమ్మేవాళ్లు బతికేదీ ఆ నమ్మకం మీదే.

నిజంగా లోపమున్నవాళ్లకు ఈ చికిత్స పనికొస్తుంది, అందులో అనుమానం లేదు. కోరిక పెరుగుతుంది, రక్తహీనత తగ్గుతుంది. అయితే అలాంటివాళ్లు ఎందరు? యూరప్‌లో 40 నుంచి 79 ఏళ్ల మగవాళ్లను పరిశీలిస్తే, లక్షణాలూ హార్మోన్ లోపమూ కలిసి ఉన్నవాళ్లు నూటికి ఇద్దరు తేలారు. ఇక ప్రమాదాల మాట. గుండెజబ్బు గానీ దాని ముప్పు గానీ ఉన్న 5 వేలకు పైగా మందిపై జరిగి 2023లో వెలువడిన ట్రావర్స్ పరీక్షలో, టెస్టోస్టిరాన్ జెల్ వాడినవాళ్లకు గుండెపోట్లు, పక్షవాతం పెరగలేదు. గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం మాత్రం కొంచెం ఎక్కువగా కనిపించాయి. రక్తం చిక్కబడుతుంది కూడా. రక్తంలో ఎర్రకణాల వాటా, అంటే హెమటోక్రిట్, 54 శాతం దాటితే మందు ఆపాల్సిందే. ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్నవాళ్లకు సాధారణంగా ఇవ్వరు.

మన శనగల వ్యాపారి దగ్గరికొద్దాం. టెస్టోస్టిరాన్ పొద్దున ఎక్కువ, సాయంత్రానికి తక్కువ. వయసు పెరిగాక ఈ తేడా తగ్గుతుంది గానీ పోదు. తిండి తిన్నాక కూడా పడిపోతుంది. అందుకే పొద్దున్నే పరగడుపున, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు చూడాలి. అలా చేయిస్తే ఒకసారి 405, ఇంకోసారి 388 వచ్చింది. రెండూ మామూలే.

"మరి ఈ నీరసమేంది సార్?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే ఫోన్లో వెనకనుంచి వాళ్లావిడ అందుకుంది: "రాత్రంతా రైసుమిల్లు ఆడినట్టు గురక సార్! మధ్యమధ్యలో ఊపిరి ఆగిపోతే నేనే తట్టి లేపుతున్నా."

ఆ గురక సంగతి తేల్చే నిద్ర పరీక్షకు వచ్చే సోమవారం ఆవిడే అతన్ని నెల్లూరు తీసుకెళ్తోంది.