ముక్కు కొలిచే కాలిపర్ వెనక కథ

డిగ్రీ మొదటి ఏడాది ఆంత్రోపాలజీ (మానవశాస్త్రం) ల్యాబ్‌లో పిల్లలు నేర్చుకునే తొలి పనుల్లో ఒకటి పక్కన కూర్చున్న స్నేహితుడి ముక్కు కొలవడం. స్లైడింగ్ కాలిపర్ అనే జారుడు కొలత పరికరంతో ముక్కు వెడల్పు, ఎత్తు చూసి, వెడల్పును ఎత్తుతో భాగించి, వందతో గుణిస్తే వచ్చేది నాసికా సూచిక. అది 70 లోపు ఉంటే సన్న ముక్కు, 85 వరకూ మధ్యరకం, ఆపైన వెడల్పు ముక్కు. తల పొడవు, తల వెడల్పు, జుట్టు తీరు, కనురెప్ప మడత, చర్మం రంగు కూడా చూసి రికార్డులో రాసి సంతకం పెట్టించుకుంటారు. జీవ మానవశాస్త్రం తొలి పేపర్ ప్రాక్టికల్ సిలబస్‌లో ఇవన్నీ ఉన్నాయి.

అదే పేపర్ థియరీ క్లాసులో మాత్రం మనుషుల్ని జాతులుగా విడదీయడానికి జీవశాస్త్రంలో ఆధారం లేదని చెబుతారు. శ్రద్ధగా వినే పిల్లలకు వెంటనే ఒక అనుమానం వస్తుంది. జాతులే లేనప్పుడు ఈ ముక్కులూ తలలూ ఎందుకు కొలుస్తున్నాం? ఇది చాలా మంచి అనుమానం. దీనికి జవాబు ఆ కొలత చరిత్రలో ఉంది. ఆ చరిత్ర నడిచింది ఎక్కడో దూరాన కాదు, మన ఊళ్ల మీదుగానే.

నాసికా సూచికను ఫ్రాన్స్‌లో పాల్ టోపినార్ వంటివాళ్లు వాడుకలోకి తెస్తే, దాన్ని భారతదేశానికి పట్టుకొచ్చి కులాల మీద ప్రయోగించినవాడు హెర్బర్ట్ రిస్లీ అనే బ్రిటిష్ అధికారి. 1880ల్లో బెంగాల్‌లో వేలాది మందిని కొలిపించాడు. కులం హోదా పెరిగే కొద్దీ ముక్కు సన్నబడుతుందని, హోదా తగ్గే కొద్దీ వెడల్పవుతుందని తేల్చాడు. అంటే సమాజంలో ఉన్న ఎక్కువ తక్కువలకు మూలం శరీరంలోనే, రక్తంలోనే ఉందన్నది అతని వాదం. ఇది ఒక అధికారి సరదా సిద్ధాంతంగా మిగిలిపోలేదు. 1901 జనాభా లెక్కలకు అతనే కమిషనర్. ఆ లెక్కల్లో కులాలను సామాజిక హోదా వరుసలో పేర్చే ప్రయత్నం చేశాడు. తమ కులాన్ని ఫలానా కులం కింద రాశారంటూ దేశమంతా కులసంఘాలు అర్జీల మీద అర్జీలు పెట్టుకున్నాయి.

దక్షిణాదిలో ఈ పని మద్రాసు ప్రభుత్వ మ్యూజియం నుంచి నడిచింది. 1885 నుంచి 1908 దాకా దానికి సూపరింటెండెంట్‌గా ఉన్న ఎడ్గర్ థర్‌స్టన్ కొలత పరికరాలు వెంటేసుకుని ప్రెసిడెన్సీ అంతా తిరిగాడు. అప్పటికి కోస్తా జిల్లాలు, రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే కాబట్టి మన తాతముత్తాతల తలలూ ముక్కులూ ఆ కాలిపర్ల మధ్యకు వెళ్లాయి. కె. రంగాచారి సాయంతో అతను 1909లో అచ్చువేసిన 7 సంపుటాల్లో తెలుగు కులాల వివరాలు, ఆచారాలు, సామెతలు, కొలతలు కుప్పలుగా ఉన్నాయి. ఇప్పటికీ కులాల గురించి రాసేవాళ్లు ఆ సంపుటాలనే ఎత్తి రాస్తుంటారు. ఆచారాల వివరాల వరకూ అవి పనికొచ్చేవే. కానీ ఆ పక్కనే ఉన్న ముక్కు లెక్కలు ఏ ఉద్దేశంతో తీసినవో మర్చిపోకూడదు. మనుషుల్ని పుట్టుకతో గుర్తుపట్టవచ్చన్న నమ్మకం ఆ కాలపు పాలనలో అంతటా ఉంది. కొన్ని తెగలకు తెగలే పుట్టుకతో నేరస్తులని ముద్ర వేసిన చట్టం 1871లో ఉత్తరాదిన మొదలై, 1911 సవరణతో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకలవాళ్లు దాని కింద ఎంత నలిగారో బాపట్ల దగ్గర స్టువర్టుపురం పేరు విన్న ఎవరికైనా తెలుసు.

రిస్లీ లెక్కను మనవాళ్లు ఊరికే ఒప్పేసుకోలేదు. 1932లో సామాజిక శాస్త్రవేత్త జి.ఎస్. ఘుర్యే అతని అంకెలనే మళ్లీ తిరగేసి, ముక్కుకూ కులం హోదాకూ ఉందన్న ఆ సంబంధం ఉత్తర భారతంలో ఒక ప్రాంతం దాటితే నిలవదని చూపించాడు. కొలతల పద్ధతిలోనే ఉన్న లోపాలను పట్టుకున్నవాడు మరొకాయన, గణాంక శాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్. కలకత్తా ఆంగ్లో ఇండియన్ల కొలతలు విశ్లేషించి పెట్టమని 1920లో జంతుశాస్త్రవేత్త నెల్సన్ అనండేల్ అడగడంతో ఆయన ఈ రంగంలోకి వచ్చాడు. ఒక్క ముక్కునో ఒక్క తలనో పట్టుకుంటే ఏదీ తేలదు. ఎత్తు ఉన్నవాడికి చెయ్యీ పొడుగే ఉంటుంది, ఒక కొలత ఇంకో కొలతతో ముడిపడి ఉంటుంది. అన్ని కొలతలనూ, వాటి మధ్య సంబంధాలనూ కలిపి చూస్తేనే రెండు గుంపుల మధ్య దూరం తెలుస్తుంది. ఈ ఆలోచన 1936 నాటికి ఒక సూత్రంగా స్థిరపడింది. దాన్నే మహలనోబిస్ దూరం అంటారు. ఇవాళ కంప్యూటర్లు మోసపు లావాదేవీలను పసిగట్టడానికి కూడా వాడే ఆ సూత్రం మనుషుల తలల కొలతల నుంచి పుట్టిందని స్టాటిస్టిక్స్ చదివేవాళ్లలోనూ చాలామందికి తెలియదు.

ఈ కథలో మనవాడు ఒకాయన ఉన్నాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో మహలనోబిస్ దగ్గర చేరిన సి.ఆర్. రావు. 1946లో ఆయన్ను కేంబ్రిడ్జ్ పంపించింది సూడాన్‌లోని జెబెల్ మోయా దగ్గర తవ్వి తీసిన పురాతన అస్థిపంజరాల కొలతలు విశ్లేషించడానికి. అక్కడే పేరున్న గణాంక శాస్త్రవేత్త ఆర్.ఎ. ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ చేశాడు. ప్రపంచం మెచ్చిన తెలుగు గణాంక శాస్త్రవేత్త ఎముకల గదిలో కూర్చుని పనిచేశాడన్న సంగతి మన పాఠాల్లో ఒక్క వాక్యంగానైనా రావాలని నాకు గట్టిగా ఉంటుంది. అంకె చూడగానే నమ్మేయకుండా, దాన్ని ప్రశ్నించడం ఎలాగో ఈ ఇద్దరి పని చూస్తే తెలుస్తుంది.

అమెరికాలో ఇదే తగువు ఇంకో రూపంలో నడిచింది. వలసొచ్చినవాళ్ల వల్ల తమ జాతి చెడిపోతోందని గోల జరుగుతున్న రోజుల్లో మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయాస్ దాదాపు 18 వేల మంది వలసదారులను, వాళ్ల పిల్లలను కొలిపించాడు. జాతికి చెరగని గుర్తుగా చెప్పుకునే తల ఆకారం కూడా అమెరికాలో పుట్టిన పిల్లల్లో తల్లిదండ్రుల కంటే కొంత మారిందని 1911 ప్రాంతంలో ప్రకటించాడు. ఆ అంకెల మీద దాదాపు తొంభై ఏళ్ల తర్వాత కూడా వాదోపవాదాలు జరిగాయి. అయినా తిండి, గాలి, పెంపకం శరీరాన్ని మలుస్తాయన్న ప్రశ్న అప్పటి నుంచి చదువులోకి వచ్చి కూర్చుంది.

తర్వాత నాజీలు వచ్చారు. జాతి శాస్త్రం పేరుతో జరిగిన హత్యాకాండ చూశాక పాత పుస్తకాలు అలాగే చెప్పడం ఎవరికీ సాధ్యం కాలేదు. 1950లో యునెస్కో జాతి గురించి ఒక ప్రకటన చేసింది. దానికి కొందరు భౌతిక మానవశాస్త్రవేత్తలు, జన్యుశాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పడంతో 1951లో ఇంకో ప్రకటన చేయాల్సొచ్చింది. శాస్త్రం ఒక్క రాత్రిలో మారలేదనడానికి ఇదే సాక్ష్యం. అదే ఏడాది అమెరికా భౌతిక మానవశాస్త్రవేత్త షెర్వుడ్ వాష్‌బర్న్ తన రంగంవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాడు. మనుషుల్ని రకాలుగా విడగొట్టి పేర్లు పెట్టడం మానండి, శరీరం ఎందుకు ఇలా ఉంది, ఎలా మారింది అన్నది అడగండి అని. ఇవాళ్టి ఇంట్రడక్షన్ పేపర్‌లో ప్రైమేట్ల (కోతులు, వానరాలు, మనుషులు ఉన్న జంతువర్గం) ప్రవర్తన, నడక, పళ్లు, ఎముకలు, జన్యువులు అన్నీ ఒకేచోట కనబడటం ఆ మలుపు వల్లే. భౌతిక మానవశాస్త్రం అన్న పేరు జీవ మానవశాస్త్రంగా మారడం వెనకా అదే ఉంది.

కొత్త పద్ధతికి మొదటి గొప్ప ఉదాహరణ ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే సికిల్ సెల్. ప్రాణాలు తీసే ఈ రక్త లక్షణం కొన్నిచోట్ల ఎందుకంత ఎక్కువగా ఉందో 1954లో ఆంథొనీ అలిసన్ తూర్పు ఆఫ్రికాలో తేల్చాడు. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా ఆ జన్యువు వస్తే జబ్బు. ఒక్క వైపు నుంచే వస్తే మలేరియా నుంచి రక్షణ. మలేరియా ఉన్నచోట ఆ జన్యువు నిలిచింది. చర్మం రంగుతోగాని, ముక్కుతోగాని దీనికి పని లేదు. మన దేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరుల్లో గుర్తించారు. ఆదిలాబాద్ గోండుల ఇళ్లలో ఇది పాఠం కాదు, పిల్లలకు వచ్చే ఒళ్లునొప్పులు, రక్తం ఎక్కించుకోవడానికి చేసే ప్రయాణాలు. 2023లో కేంద్రం దీని నిర్మూలనకు ఒక మిషన్ మొదలుపెట్టి 2047ను గడువుగా పెట్టుకుంది.

1957లో జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ ఇంగ్లండ్ వదిలి కలకత్తా వచ్చాడు. ఆయన దగ్గర చేరిన ఆంధ్ర విశ్వవిద్యాలయం విద్యార్థి ద్రోణంరాజు కృష్ణారావు, తెలుగు ఇళ్లల్లో అందరికీ తెలిసిన ఒక విషయాన్ని పరిశోధనగా తీసుకున్నాడు. అదే మేనరికం. 1960ల మొదట్లో ఆయన, మీరాఖాన్ కలిసి ఆంధ్రప్రదేశ్‌లో దగ్గరి పెళ్లిళ్లు ఎన్ని, వాటి ఫలితాలేమిటి అన్నది అంకెలతో చూపించారు. మేనమామ మేనకోడలిని చేసుకుంటే పుట్టే బిడ్డ లెక్క 1/8, మేనబావ మరదళ్లయితే 1/16. అంటే ఒకే పూర్వీకుడి జన్యువు రెండు వైపుల నుంచీ బిడ్డకు చేరే అవకాశం అంత. పాశ్చాత్య పాఠ్యపుస్తకాలకు ఇది అరుదైన ఉదాహరణ. మన క్లాసులో కూర్చున్న అమ్మాయికి అది అమ్మమ్మ పెళ్లి.

ఇక హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ నుంచి వచ్చిన పని మొత్తం కథను తిరగేసింది. 2009లో కె. తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికాలో డేవిడ్ రైక్ బృందం కలిసి 25 సమూహాలకు చెందిన 132 మంది డీఎన్‌ఏ చూశారు. భారతీయుల్లో దాదాపు అందరూ రెండు పురాతన జనసమూహాల కలగలుపే, వేర్వేరు పాళ్లలో. 2013లో ఇంకో అధ్యయనం ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి మధ్యకాలంలో జరిగిందని లెక్కగట్టింది. ఆ తర్వాత కులం లోపలే పెళ్లిళ్లన్న కట్టు బిగుసుకుంది. ఎంత గట్టిగా బిగిసిందో వైశ్యుల మీద జరిగిన పరిశీలన చెబుతుంది. సుమారు వంద తరాలుగా బయటి కలయిక చాలా తక్కువ. దానివల్ల ఒక ఎంజైము లోపం వాళ్లలో మామూలు కంటే ఎక్కువ. ఆపరేషన్ ముందు కండరాలు సడలించడానికి ఇచ్చే ఒక మందు వాళ్లలో కొందరికి త్వరగా దిగదు. అందుకే మత్తు డాక్టర్లు ముందే అడిగి తెలుసుకుంటారు.

నాకు ఈ పేపర్ మొత్తంలో ముఖ్యమైన పాఠం ఇదే అనిపిస్తుంది. రిస్లీ శరీరం వల్ల కులం వచ్చిందన్నాడు. జరిగింది తలకిందులు. కులం పెట్టిన పెళ్లి నియమమే శరీరాల మీద గీతలు గీసింది. ఆ గీతలకు ఎక్కువ తక్కువలతో సంబంధం లేదు. 1972లో జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లూవాంటిన్ వేసిన లెక్క ప్రకారం మనుషుల మధ్య జన్యు తేడాల్లో దాదాపు 85 శాతం ఏ ఒక్క జనసమూహం లోపలైనా కనబడేవే.

ఈ పేపర్‌లో మనిషి పరిణామం గురించి చెప్పే సగం మీద కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు దాని పరిస్థితి బాగాలేదు. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో పరిణామం భాగాన్ని తీసేసినప్పుడు, 2023 ఏప్రిల్‌లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు వద్దని లేఖ రాశారు. ఆ పాఠం పన్నెండో తరగతి బయాలజీలో ఉందన్నది ప్రభుత్వం వైపు జవాబు. కానీ బయాలజీ తీసుకోని పిల్లవాడి సంగతేమిటి? ఆ పుస్తకంతో చదివి ఆర్ట్స్ వైపు వచ్చినవాడు మనిషి ఎలా వచ్చాడన్నది మొదటిసారి వినేది ఈ ఆంత్రోపాలజీ క్లాసులోనే కావచ్చు. వాడికి ఇథియోపియాలో దొరికిన మానవ పూర్వీకురాలి అస్థిపంజరం లూసీ 32 లక్షల ఏళ్ల నాటిదని చెప్పేటప్పుడు, నంద్యాల జిల్లా జ్వాలాపురం గురించి కూడా చెప్పాలి. 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలి ఎగజిమ్మిన బూడిద అక్కడ మీటర్ల మందాన పేరుకుంది. ఆ బూడిద కిందా, పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రకటించారు. అంత విపత్తుకు ముందూ తర్వాతా ఆ లోయలో ఎవరో రాళ్లు చెక్కుకుంటూ బతికారు. ఆ తెల్లటి బూడిదను చుట్టుపక్కలవాళ్లు తవ్వి అమ్ముకున్నారు కూడా.

కాలిపర్ సంగతికి వస్తే, దాన్ని ల్యాబ్ నుంచి తీసేయాలని నేను అనను. కానీ రికార్డులో నాసికా సూచిక రాయించే రోజున రిస్లీ, ఘుర్యే, మహలనోబిస్ ముగ్గురి పేర్లూ బోర్డు మీద రాయాలి. తర్వాతి గంటలో పిల్లల్ని అంగన్‌వాడీకి తీసుకెళ్లాలి. అక్కడ కార్యకర్త దగ్గర ఒక సన్నటి టేపు ఉంటుంది. ఆరు నెలలు దాటిన, ఐదేళ్ల లోపు పిల్లల జబ్బ చుట్టూ దాన్ని చుడతారు. చుట్టుకొలత 12.5 సెంటీమీటర్లు, ఆపైన ఉంటే పచ్చరంగు, తగ్గితే పసుపు, 11.5 లోపు ఉంటే ఎరుపు. ఎరుపు వస్తే ఆ బిడ్డ పేరు వెంటనే రాసుకుని, ఆస్పత్రికి పంపాలా, ఇంటి దగ్గరే బలమైన తిండి పెట్టి చూడాలా అని ఏఎన్‌ఎంతో మాట్లాడతారు. అదీ శరీరం కొలతే.