ఆర్‌వీకి చక్రాలుంటే చాలదు: నది ఒడ్డు క్యాంపింగ్‌పై అపోహలు - వాస్తవాలు

అమెరికాలో నది పక్కనున్న ఒక పార్క్ క్యాంప్‌గ్రౌండ్‌లో నేను క్యాంప్ హోస్ట్‌ని, అంటే దిగినవాళ్ళకు సాయంగా అక్కడే ఉండే మనిషిని. వేసవి వచ్చిందంటే ఆర్‌వీ (లోపలే పడక, వంటగది, టాయిలెట్ ఉండే ఇల్లులాంటి బండి) అద్దెకు తీసుకుని మనవాళ్ళు కుటుంబాలతో దిగుతారు. నీళ్ళకు ఆనుకుని ఉన్న సైటే (బండి నిలిపే చోటు) కావాలంటారు. సరే అని ఇస్తాను. వరదొస్తే ఏ దారిన పైకి ఎక్కాలో చూపించబోతే మాత్రం ఒకటే జవాబు: "ఇల్లు చక్రాల మీదే ఉంది కదండీ, నీళ్ళు పెరిగితే స్టార్ట్ చేసి వెళ్ళిపోతాం."

ప్రాణాల మీదికి తెచ్చే మాట ఇది.

సైట్‌లో సర్దుకున్న ఆర్‌వీ వెంటనే కదలదు. స్లయిడ్‌అవుట్లు (బయటికి జరిపిన గది భాగాలు) లోపలికి లాగాలి, జాక్స్ (బండిని కదలకుండా నిలబెట్టే కాళ్ళు) ఎత్తాలి, కరెంటు కేబుల్, నీళ్ళ హోస్, మురుగు పోయే సీవర్ హోస్ విప్పాలి. సొంత ఇంజిన్ లేని ట్రెయిలరైతే ట్రక్కుకు తగిలించుకోవాలి. పట్టపగలు, తీరిగ్గా చేసుకుంటే అరగంట పని. అర్ధరాత్రి చీకట్లో, పిల్లలు ఏడుస్తుంటే ఎంతసేపు పడుతుందో మీరే ఊహించుకోండి. 2025 జూలై 4 తెల్లవారుజామున టెక్సాస్‌లో గ్వాడలూప్ నది సుమారు 45 నిమిషాల్లో 26 అడుగులు పెరిగింది. ఒడ్డునున్న ఆర్‌వీలు మనుషులతో సహా కొట్టుకుపోయాయి. 2010 జూన్ 11న ఆర్కన్సాలోని ఆల్బర్ట్ పైక్ క్యాంప్‌గ్రౌండ్‌లో కూడా జనం నిద్రలో ఉండగానే నది మీదికొచ్చింది. 20 మంది చనిపోయారు.

"అంత బరువైన బండిని నీళ్ళేం చేస్తాయి?" అనేవాళ్ళూ ఉన్నారు. రెండడుగుల లోతున్న ప్రవాహం చాలా వాహనాలను లాక్కుపోగలదు. ఆర్‌వీ గోడలు పలచన, లోపలంతా ఖాళీ. అది తేలుతుంది, చెట్టుకో వంతెనకో తగిలితే చీలిపోతుంది.

"ఇక్కడ చుక్క వాన లేదు" అన్న ధీమా కూడా వద్దు. వాన ఎగువన పడినా చాలు, నది మీ సైట్ దగ్గర పొంగుతుంది. ఫోన్‌కి అలర్ట్ వస్తుందిలే అనుకోకండి, ఇలాంటి లోయల్లో చాలాచోట్ల సిగ్నలే ఉండదు. వాతావరణ హెచ్చరికలు చెప్పే, బ్యాటరీతో నడిచే వెదర్ రేడియో ఒకటి దగ్గరుంచుకోండి. ఫ్లాష్ ఫ్లడ్ వాచ్ ఇచ్చారంటే వరదకు అవకాశం ఉందని. బండిని కదపాలనుకుంటే అప్పుడే, వెలుగుండగానే కదపండి. వార్నింగ్ వచ్చిందా, వరద వచ్చేస్తోందనో వచ్చేసిందనో అర్థం, ఇక బండి మాట మర్చిపోండి. మనుషులను తీసుకుని ఎత్తుకు ఎక్కేయండి. రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే కారు దించకండి, నడిచే ఎక్కండి.

ఒక సాయంత్రం ఎగువన తుఫానని తెలిసి అన్ని తలుపులూ కొట్టాను. ఒకాయన సీవర్ హోస్ చుట్టడం మొదలుపెట్టాడు. "అద్దె బండి అన్నా, డిపాజిట్ పోతుంది" అన్నాడు. ఆయన భయం నాకు అర్థమైంది, పరాయి దేశంలో పరాయి బండి. ఇంతలో వాళ్ళమ్మ బీపీ మాత్రల డబ్బా, మనవరాలి చెయ్యి పట్టుకుని "పదరా నాన్నా" అని ముందు నడిచింది. వెనకాలే అందరూ కదిలారు. తెల్లారేసరికి వాళ్ళ సైట్‌లో కరెంటు పెట్టె సగం దాకా బురద పట్టి ఉంది.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను. 30 ఆంప్స్ బండిని సరైన అడాప్టర్‌తో 50 ఆంప్స్ కరెంటు పెట్టెకు పెడితే కాలిపోతుందని భయపడతారు, కాలిపోదు. బండిలోని మెయిన్ బ్రేకర్ 30 దగ్గరే ఆపుతుంది. కానీ మీకు దొరికేది మొత్తం 3600 వాట్లే, కాబట్టి ఏసీ, మైక్రోవేవ్, ఎలక్ట్రిక్ కుక్కర్ ఒకేసారి వేసి బ్రేకర్ పడిపోయిందని టెన్షన్ పడకండి. చలికి గ్యాస్ స్టవ్ వెలిగించి పడుకుంటే ఏం కాదని ఎవరో చెప్పారట. ఆ పని అస్సలు చెయ్యకండి, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

ఇక బ్లాక్ ట్యాంక్, అంటే టాయిలెట్ మురుగు చేరే ట్యాంక్. సీవర్ కనెక్షన్ ఉంది కదా అని వాల్వ్ తెరిచి వదిలేస్తారు. నీళ్ళు పోయి గట్టిదంతా అడుగున పేరుకుపోతుంది. నిండే దాకా మూసి ఉంచి, ముందు బ్లాక్, తర్వాత గ్రే (స్నానం, సింక్ నీళ్ళ ట్యాంక్) వదిలితే ఆ సబ్బు నీళ్ళే హోస్‌ని కడుగుతాయి. అసహ్యంగా ఉంటుందేమోనని భయపడేవాళ్ళు గ్లవ్స్ తొడుక్కుని నన్ను పిలవండి, మొదటిసారి పక్కనే నిలబడి చూపిస్తాను.