బీచ్ మీద డ్రోన్ సర్వే: ఇసుక లెక్కల్లో అపోహలు, వాస్తవాలు

ఉప్పాడ దగ్గర బీచ్ రోడ్డు మళ్లీ కోసుకుపోయిందని వార్త వచ్చిన ప్రతిసారీ నాకు రెండు మూడు ఫోన్లు వస్తాయి. "ఒకసారి డ్రోన్ తిప్పి ఎంత ఇసుక పోయిందో చెప్పండి సార్" అంటారు. వాళ్ల ఆరాటం నాకు అర్థమవుతుంది. కానీ ఒకసారి తిప్పితే ఇప్పుడు ఎంత ఉందో తెలుస్తుంది, ఎంత పోయిందో తెలియదు. పోయింది తెలియాలంటే అంతకుముందు కొలిచిన లెక్క ఒకటి ఉండాలి. రెండు లెక్కలూ ఒకే పద్ధతిలో, ఒకే ఎత్తు ఆధారంగా కొలిచినవై ఉండాలి. భీమిలి నుంచి ఉప్పాడ దాకా ఇసుకను కొలిచే పనిలో ఉన్నవాడిగా, నాకు తరచూ ఎదురయ్యే అపోహలు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: డ్రోన్ ఎగరేసి ఫొటోలు తీస్తే మ్యాప్ వచ్చేసినట్టే.

ఫొటో వేరు, మ్యాప్ వేరు. మేం డ్రోన్‌ని నాగలి చాళ్లలాగా వరసగా తిప్పుతాం. ముందు ఫొటోలో కనిపించిన నేలలో 80 శాతం తర్వాతి ఫొటోలోనూ కనిపించాలి. పక్క వరసతో 70 శాతం కలవాలి. అలా తీసిన వందల ఫొటోల్లో ఒకే గవ్వ, ఒకే అడుగుజాడ, ఒకే ఇసుక ముడత ఎక్కడెక్కడ కనిపించిందో సాఫ్ట్‌వేర్ వెతికి పట్టుకుంటుంది. వేర్వేరు కోణాల నుంచి చూసిన ఆ గుర్తుల్ని బట్టి ప్రతి చోటా నేల ఎత్తు లెక్కగడుతుంది. దాన్నుంచి రెండు వస్తాయి. ఒకటి, పైనుంచి నిటారుగా చూసినట్టు సరిచేసిన ఫొటో మ్యాప్. రెండోది, ఎక్కడ మెరకో ఎక్కడ పల్లమో చెప్పే ఎత్తుల నమూనా. ఇసుక లెక్కంతా ఈ రెండోదాని మీదే నడుస్తుంది. చూడ్డానికి అందంగా ఉండేది మొదటిది కాబట్టి రిపోర్టుల అట్టల మీద అదే ఉంటుంది.

అపోహ: ఫొటోలో పిక్సెల్ 2 సెంటీమీటర్లు, కాబట్టి కొలత కూడా 2 సెంటీమీటర్ల వరకు కచ్చితం.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. ఒక అంగుళం సెన్సార్, 2 కోట్ల పిక్సెళ్లు ఉన్న కెమెరాతో 80 మీటర్ల ఎత్తు నుంచి తీస్తే ఒక్కో పిక్సెల్ నేల మీద దాదాపు 2.2 సెంటీమీటర్లు. అంటే అంత చిన్న వస్తువు కనిపిస్తుందని అర్థం. ఆ వస్తువు సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉందో అంతే కచ్చితంగా తెలిసిందని కాదు. కెమెరాని నిటారుగా కిందికే చూపిస్తూ తీసిన ఫొటోలు మాత్రమే ఉంటే, లెన్స్ లెక్కలో ఉన్న చిన్న తేడా పెరిగి, చదునైన బీచ్ మధ్యలో ఉబ్బినట్టో పళ్లెంలా కుంగినట్టో రావచ్చు. అందుకే కొన్ని ఫొటోలు ఏటవాలుగా తీస్తాం. నేల మీద నలుపు తెలుపు గళ్ల పలకలు పరిచి, ఒక్కోదాన్ని ఆర్‌టీకే జీపీఎస్‌తో, అంటే ఒకచోట కదలకుండా పెట్టిన బేస్ స్టేషన్ సాయంతో సెంటీమీటర్ల వరకు సరిచేసుకునే జీపీఎస్‌తో కొలుస్తాం. వీటిని జీసీపీలు, అంటే నేల మీది ఆధార బిందువులు అంటాం. బీచ్ పొడవుగా, సన్నగా ఉంటుంది కాబట్టి వాటిని ఒకే వరసలో పెడితే నమూనా పక్కకి ఒరుగుతుంది. నీటి వైపు కొన్ని, దిబ్బ మీద కొన్ని ఉండాలి. ఇంకొన్ని పలకల్ని సాఫ్ట్‌వేర్‌కి చెప్పకుండా పక్కన దాచుకుంటాం. నమూనా తయారయ్యాక వాటి దగ్గర ఎంత తేడా వచ్చిందో చూసుకుంటాం. మన తప్పు ఎంతో చెప్పేది ఆ దాచుకున్న పలకలే. అవి లేని రిపోర్టు నా చేతికొస్తే అందులోని అంకెల్ని నేను వాడను.

ఇప్పుడు లెక్క చూడండి. కిలోమీటరు పొడవు, 50 మీటర్ల వెడల్పు ఉన్న బీచ్ అంటే 50,000 చదరపు మీటర్లు. ఎత్తులో 5 సెంటీమీటర్ల తప్పు అంతటా ఒకే వైపు ఉంటే, 2,500 ఘనపు మీటర్ల ఇసుక లేనిపోనిదిగా పుట్టుకొస్తుంది, లేదా మాయమవుతుంది. ఒకచోట పైకి, ఒకచోట కిందికి ఉండే తప్పులు కూడికలో చాలావరకు సర్దుకుంటాయి. అంతటా ఒకే వైపు ఉన్న తప్పు సర్దుకోదు. ఇంకో విషయం, మార్పు అంటే రెండు సర్వేల తేడా కాబట్టి రెండింటి తప్పులూ అందులో కలుస్తాయి. ఒక్కోదానిలో 5 సెంటీమీటర్ల అనిశ్చితి ఉంటే, కలిపితే 7 అవుతుంది. 95 శాతం నమ్మకంతో మాట్లాడాలంటే ఒకచోట దాదాపు 14 సెంటీమీటర్లకు మించి తేడా ఉంటేనే అక్కడ నేల మారిందనాలి. అంతకంటే తక్కువ ఉన్నచోట మ్యాప్‌లో రంగు వేయకుండా వదిలేస్తాం. చాలామంది ఆ ఖాళీ చూసి పని సగమే చేశామనుకుంటారు. నిజానికి రంగులన్నిటి కంటే ముందు నమ్మాల్సింది ఆ ఖాళీనే.

ఇది నాకు ఒక మత్స్యకార గ్రామంలో బాగా తెలిసొచ్చింది. రెండో సర్వేలో బీచ్ అంతా 10 సెంటీమీటర్లు కుంగినట్టు వచ్చింది. కిలోమీటరు మీద 5,000 ఘనపు మీటర్ల ఇసుక పోయిందని లెక్క తేలింది. ఆ మ్యాప్ తీసుకెళ్లి వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనకి చూపించాను. ఆయన మ్యాప్ వైపు చూడనే లేదు. పడవల షెడ్డు మెట్లు చూపించాడు. "రెండో మెట్టు మీదికి ఇసుకొచ్చింది కదా బాబూ, పోయిందంటారేటి?" అన్నాడు. తిరిగొచ్చి రెండు నమూనాల్లో ఆ షెడ్డు సిమెంటు గచ్చునే పోల్చి చూశాను. గచ్చు కూడా 10 సెంటీమీటర్లు కుంగింది. గచ్చు కుంగదు. ఆ రోజు బేస్ స్టేషన్ దగ్గర యాంటెన్నా ఎత్తు తప్పుగా నమోదు చేశాం. అప్పటినుంచి ప్రతి సర్వేలోనూ కదలని చోట్లు, అంటే కల్వర్టు, గుడి అరుగు, సిమెంటు రోడ్డు ముక్క, మూడు నాలుగు ఉండేలా హద్దులు పెడుతున్నాను. అవి కదిలినట్టు వస్తే ఇసుక గురించి ఒక్క మాట కూడా మాట్లాడను.

అపోహ: ఫొటోలో నీళ్లు ఎక్కడి దాకా ఉన్నాయో అదే తీరం గీత.

పాత ఫొటోలో నీటి గీతని, కొత్త ఫొటోలో నీటి గీతని పక్కపక్కన పెట్టి "30 మీటర్లు కోసేసింది" అనే పోస్టులు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. విశాఖ, కాకినాడ తీరంలో పున్నమి, అమావాస్యల సమయంలో పోటుకీ పాటుకీ మధ్య తేడా దాదాపు ఒకటిన్నర మీటరు. బీచ్ వాలు 20 మీటర్లకు ఒక మీటరు అనుకుంటే, ఆ తేడాకే నీటి గీత 30 మీటర్లు జరుగుతుంది. ఇసుక రేణువు కదలకపోయినా సరే. ఆ పైన ఆ రోజు కెరటం ఎంత ఎత్తు ఎగసిందన్నది వేరే. అందుకే మేం నీటి గీతని వాడం. ఎత్తుల నమూనాలో ఒక స్థిరమైన ఎత్తు ఎంచుకుని, ప్రతిసారీ ఆ ఎత్తు ఉన్న గీత ఎక్కడుందో చూస్తాం.

ఎత్తు అన్నా జాగ్రత్త కావాలి. జీపీఎస్ ఇచ్చే ఎత్తు సగటు సముద్రమట్టం నుంచి కొలిచింది కాదు, భూమి ఆకారానికి లెక్కగట్టిన ఒక నున్నని గోళరూపం నుంచి కొలిచింది. మన తీరంలో ఈ రెంటికీ పదుల మీటర్ల తేడా ఉంటుంది. కాళ్ల కింద పొడి ఇసుక ఉన్నా జీపీఎస్ తెర మీద ఎత్తు మైనస్‌లో కనిపిస్తుంది. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు దీన్ని చూసి కంగారు పడతారు. మార్చే పద్ధతి ఉంది, కష్టం కూడా కాదు. కానీ ఒక సర్వేకి ఒక పద్ధతి, ఇంకోదానికి ఇంకో పద్ధతి వాడితే రెండూ ఎప్పటికీ కలవవు.

అపోహ: వేసవిలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి కొలిస్తే కోత సంగతి తేలిపోతుంది.

బీచ్ ఊపిరి తీసుకుంటుంది. నైరుతి రుతుపవన కాలంలో పెద్ద కెరటాలు ఒడ్డు ఇసుకని లోపలికి లాగి నీటి అడుగున మేటలుగా వేస్తాయి. సముద్రం నెమ్మదించిన నెలల్లో అందులో చాలా భాగం తిరిగి ఒడ్డుకి చేరుతుంది. మార్చిలో, ఆగస్టులో కొలిచి తేడా తీస్తే తెలిసేది ఆ ఊపిరే. నిజమైన కోత తెలియాలంటే మార్చిని మార్చితో పోల్చాలి, అదీ కొన్నేళ్లపాటు.

పైగా ఇసుక ఒడ్డు వెంబడి కూడా నడుస్తుంది. మన తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి, ఈశాన్య రుతుపవన కాలంలో తిరిగి దక్షిణానికి. మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. దారిలో హార్బర్ రాళ్ల గోడ అడ్డం వస్తే దక్షిణం వైపు మేట, ఉత్తరం వైపు కోత. విశాఖలో ఔటర్ హార్బర్ కట్టాక ఆర్‌కే బీచ్‌కి ఇసుక అందక, డ్రెడ్జింగ్‌లో తీసిన ఇసుకని తెచ్చి పోయాల్సి వస్తున్నది ఇందుకే. గోదావరి మీద ఆనకట్టలు పెరిగాక సముద్రానికి చేరే ఒండ్రు, ఇసుక తగ్గాయి. ఆ నది ఇసుకతోనే పెరిగిన హోప్ ఐలాండ్ కాకినాడ రేవుకి అడ్డుగోడలా నిలిచింది. ఆ చాటు లేని ఉప్పాడ కెరటాలకు ఎదురుగా ఉంది. కాబట్టి ఒక్క ఊరి ముందున్న అర కిలోమీటరు కొలిచి కారణం చెప్పేయలేం. అక్కడ తగ్గింది పక్క ఊళ్లో పెరిగిందేమో చూడాలి.

జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 వరకు చూసిన లెక్కల ప్రకారం దేశ తీరంలో 33.6 శాతం కోతకు గురవుతోంది, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 29 శాతం. ఈ లెక్క ప్రధానంగా ఉపగ్రహ చిత్రాలతో వచ్చింది. ఉపగ్రహం ఉండగా డ్రోన్ ఎందుకని కొందరు, డ్రోన్ ఉండగా ఉపగ్రహం ఎందుకని కొందరు అడుగుతారు. ముప్పై ఏళ్ల వెనక్కి డ్రోన్ వెళ్లలేదు. తుపాను మర్నాడు దిబ్బ ముఖం ఎన్ని అడుగులు తెగిందో ఉపగ్రహ చిత్రంలోని 10 మీటర్ల పిక్సెల్ చెప్పలేదు. రెండూ కావాలి.

అపోహ: ఎండ బాగా కాస్తే ఫొటోలు బాగా వస్తాయి.

మిట్టమధ్యాహ్నం ఇసుక తెల్లటి దుప్పటిలా ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కి పట్టుకోవడానికి గుర్తు దొరకదు. పొద్దున ఏటవాలు ఎండలో ప్రతి ముడతకీ చిన్న నీడ పడుతుంది, అదే మాకు ఆధారం. తడి ఇసుక అద్దంలా మెరిస్తే అక్కడ నమూనాకి చిల్లులు పడతాయి. ఎండెక్కేకొద్దీ సముద్రపు గాలి పెరుగుతుంది. పాటు సమయం, పొద్దుటి ఎండ, తక్కువ గాలి, మూడూ కలిసే రోజులు నెలలో కొన్నే. పనికి తేదీ మేం కాదు, పోటుపాట్ల పట్టిక నిర్ణయిస్తుంది.

అపోహ: నీటి అడుగున ఇసుక కూడా డ్రోన్‌కి కనిపిస్తుంది.

మన తీరంలో కెరటాల నురగ, బురద నీళ్ల మధ్య కనిపించదు. తేట నీళ్లున్న చోట కూడా నీటిలో కాంతి వంగడం వల్ల లోతు తక్కువగా వస్తుంది. తుపాను తర్వాత "ఇంత ఇసుక పోయింది" అని మేం ఇచ్చే అంకెలో కొంత నీటి కింద మేటగా అక్కడే ఉండొచ్చు. అది తెలియాలంటే పడవ మీద, శబ్దంతో లోతు చెప్పే ఎకో సౌండర్ పెట్టి కొలవాల్సిందే.

అపోహ: దిబ్బల ఎత్తు కూడా అలాగే కొలిచేయొచ్చు.

ఖాళీ దిబ్బ అయితే కొలవొచ్చు. సరుగుడు తోట ఉంటే ఫొటోల నుంచి వచ్చే ఎత్తు చెట్ల కొనలది. దిబ్బ రెండు మీటర్లు పెరిగిందని ఒకసారి రిపోర్టు చూశాను, పెరిగింది సరుగుడు మొక్కలు. మొగలి పొదలు, బాలబంద తీగ, రావణాసురుడి మీసాలు అని పిలిచే ముళ్ల గడ్డి ఉన్నచోట కూడా కొంత ఇబ్బందే. లేజర్ కాంతితో కొలిచే లైడార్ ఆకుల సందుల్లోంచి నేలని కొంతవరకు అందుకుంటుంది. అది లేనప్పుడు జీపీఎస్ కర్ర పట్టుకుని పొదల మధ్య నడవాలి.

దిబ్బల గురించి ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. వాటిని పనికిరాని గుట్టలనుకుని చదును చేసేస్తారు. తుపాను వచ్చినప్పుడు కెరటం ముందు దిబ్బ ఇసుకని తింటుంది, ఆ తర్వాతే ఊరి వైపు వస్తుంది. 2019 తీర ప్రాంత నియంత్రణ (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్ ఇసుక దిబ్బల్ని సున్నితమైన ప్రాంతాల జాబితాలో పెట్టింది. విశాఖ, భీమిలి మధ్య ఉన్న ఎర్రమట్టి దిబ్బలు ఇంకా అరుదైనవి. వేల ఏళ్ల ఇసుక అది. జియలాజికల్ సర్వే గుర్తించిన భూవారసత్వ స్థలం, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరింది. వానకి కోసుకుపోయిన ఆ గెడ్డల గోడలు దాదాపు నిట్టనిలువుగా ఉంటాయి. పైనుంచి చూసే కెమెరాకి ఆ గోడలు కనిపించవు, ఏటవాలు ఫొటోలు తప్పనిసరి. అక్కడ మనిషి నడిస్తే అంచులు విరుగుతాయి కాబట్టి, కాలు పెట్టకుండా కొలిచే డ్రోన్ నిజంగా అక్కరకొచ్చే చోటు అది.

అపోహ: చిన్న డ్రోన్, ఖాళీ బీచ్, అనుమతి ఎందుకు?

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటితే మైక్రో తరగతి. డబ్బులకు చేసే సర్వే అయితే పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా ఎగరేయొచ్చు, విమానాశ్రయం దగ్గరయ్యేకొద్దీ ఆ ఎత్తు తగ్గి, అనుమతి తప్పనిసరవుతుంది. విశాఖ తూర్పు నౌకాదళ కేంద్రం, కాబట్టి ఎయిర్‌స్పేస్ మ్యాప్ చూడకుండా డ్రోన్ బయటికి తీయకూడదు. కోరింగ అభయారణ్యం వైపు వెళితే అటవీ శాఖని అడగాలి. జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే బీచ్‌లలో పలకలు పరిచే ముందు గూళ్లు కాపాడే కుర్రాళ్లతో కలిసి నడుస్తాం. ఇసుకలో గుడ్లు పెట్టే పక్షులు డ్రోన్ చూసి లేచిపోతే ఆ ముక్క ఆ రోజుకి వదిలేస్తాం.

మీ ఊరి బీచ్ గురించి నిజంగా పట్టించుకునేవాళ్లు ఉంటే, డ్రోన్ కంటే ముందు ఒక పని చేయండి. ఒడ్డుకి దగ్గరగా, కెరటం అందనంత దూరంలో ఉన్న ఒక కల్వర్టు గోడ మీదో గుడి అరుగు మీదో చెరగని గుర్తు ఒకటి చెక్కించి, ఆర్‌టీకే ఉన్న సర్వేయర్‌తో దాని ఎత్తు కొలిపించి రాసిపెట్టుకోండి. అక్టోబరు వాయుగుండాలు మొదలుకాకముందే చేయండి. తుపాను మర్నాడు మేం వచ్చేసరికి బేస్ స్టేషన్ యాంటెన్నా పెట్టడానికి ఆ గుర్తు అక్కడ ఉంటుంది.