‘మనవాళ్లే కదా!’ – బంధువుల ఇంట పెరిగే పిల్లల గురించి అపోహలు, వాస్తవాలు

అమ్మానాన్నలు పెంచలేని పరిస్థితి వచ్చినప్పుడు పిల్లల్ని అమ్మమ్మో, తాతయ్యో, పిన్నో, మేనమామో దగ్గరుంచుకుని పెంచడాన్ని మా రంగంలో కిన్‌షిప్ కేర్ అంటాం. ఐక్యరాజ్యసమితి 2009లో ఆమోదించిన ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాల ప్రకారం, పిల్లలకు బాగా తెలిసిన కుటుంబ స్నేహితుల దగ్గర పెరగడం కూడా దీని కిందికే వస్తుంది. అధికారులు పంపినా, పెద్దవాళ్లు తమలో తాము మాట్లాడుకుని పంపినా పేరు ఇదే.

ఇలాంటి కుటుంబాలతో కూర్చుని మాట్లాడటమే నా పని. దాదాపు ప్రతి ఇంట్లో వినే మాట ఒకటుంది: "మనవాళ్లే కదా, ఏముంది!" ఆ మాట ప్రేమతోనే వస్తుంది. కానీ ఆ మాట అనేసుకున్నాక పిల్లల్ని ఎవరూ ఏమీ అడగరు, పెంచేవాళ్లకు ఏం కావాలో ఎవరికీ పట్టదు. కింది అపోహల్లో చాలావరకు అక్కడ పుట్టినవే. నేను చెప్పే సంఘటనల్లో గుర్తుపట్టే వివరాలు మార్చాను.

అపోహ: తెలిసిన ఇల్లే కాబట్టి పిల్లలు ఇట్టే కలిసిపోతారు

ఒక తొమ్మిదేళ్ల బాబు పిన్ని ఇంటికి వచ్చి ఎనిమిది నెలలైంది. చక్కగా తింటాడు, బడికెళ్తాడు, చెప్పిన మాట వింటాడు. బట్టలు మాత్రం బీరువాలో పెట్టుకోడు. ఉతికి ఆరేసినవి తనే మడతపెట్టి, వచ్చిన రోజు తెచ్చుకున్న బ్యాగులోనే సర్ది జిప్ వేస్తాడు. మా ఇల్లు వీడికి నచ్చలేదేమోనని పిన్ని లోలోపల కుమిలిపోయింది. ఓ రోజు పక్కన కూర్చుని అడిగితే, "నాన్న వచ్చేసరికి రెడీగా ఉండాలి కదా పిన్నీ" అన్నాడు.

నాన్న బతికే ఉన్నాడు, కానీ లేడు. వస్తాడో రాడో తెలియదు. చావు కబురైతే ఏడవడానికి ఒక రోజుంటుంది, ఓదార్చడానికి నలుగురు వస్తారు. ఈ దుఃఖానికి అదేమీ ఉండదు. అమెరికన్ పరిశోధకురాలు పాలిన్ బాస్ 1970ల నుంచి దీని మీద పనిచేశారు. ఇలా తేలని ఎడబాటుకు ఆమె ప్రత్యేకంగా ‘యాంబిగ్యువస్ లాస్’ అని ఒక పేరే పెట్టారు. అల్లరి చేయని పిల్లల్లో ఇది మరీ కనిపించదు. బుద్ధిగా ఉన్నాడంటే కుదురుకున్నాడని కాదు. ఒక్కోసారి, ఇక్కడి నుంచి కూడా పంపేస్తారేమోనన్న భయం అలా కనిపిస్తుంది.

ఆ పిన్ని చేసిన పని నాకు చాలా నచ్చింది. బ్యాగు ముట్టుకోలేదు. బీరువాలో ఒక అర ఖాళీ చేసి, "బ్యాగు అలాగే ఉండనీ నాన్నా, రోజూ వేసుకునే నాలుగు జతలు మాత్రం ఇక్కడ పెట్టుకో" అంది.

అపోహ: చిన్నపిల్లలకు నిజం చెప్పకూడదు

మా పనిలో ఎక్కువ నష్టం చేసేది ఇదేనని నా నమ్మకం. అమ్మ ఆసుపత్రిలో ఉంటే "ఊరెళ్లింది" అంటారు, నాన్న జైల్లో ఉంటే "ఉద్యోగానికి వెళ్లాడు" అంటారు. పెద్దవాళ్ల గుసగుసలు పిల్లల చెవిన పడనే పడతాయి. అర్థం కాని చోటల్లా వాళ్లే ఓ కారణం అల్లుకుంటారు. ఆ కారణం చాలాసార్లు ‘నేనే’ అయి కూర్చుంటుంది: నేను అల్లరి చేశాను కాబట్టి అమ్మ వెళ్లిపోయింది, నేను అన్నం తినలేదు కాబట్టి నాన్నకు కోపం వచ్చింది.

అన్నీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఐదేళ్ల పాపకు మూడు మాటలు చాలు: "అమ్మకు ఒంట్లో బాగాలేదు, నిన్ను చూసుకునే ఓపిక ఇప్పుడు లేదు. ఇది నీ వల్ల జరగలేదు. నిన్ను మేం చూసుకుంటాం." ఎప్పుడొస్తుందని అడిగితే, తెలియనప్పుడు "నాకూ తెలియదమ్మా, తెలియగానే మొదట నీకే చెప్తాను" అనండి. "వచ్చే నెల" అని మాత్రం అనకండి. పిల్లలు నెలలు లెక్కపెడతారు. ఇదే ప్రశ్న పదిసార్లు అడిగితే పదకొండోసారి కూడా అదే జవాబు, అదే నెమ్మదితో చెప్పాలి.

అపోహ: కన్నకొడుకునే సరిగా పెంచలేనివాళ్లు మనవడినేం పెంచుతారు?

‘ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా’ అనే సామెతను ఇక్కడికి తెచ్చి అతికిస్తారు. కొడుకు తాగుడుకు బానిసైతే అది తల్లి పెంపకం తప్పేనని తేల్చేయడం అన్యాయం. ఆ మాట విన్న ఓ నాయనమ్మ ఆరునెలలు ఎవరినీ సాయం అడగలేకపోయింది.

లెక్కలు కూడా ఆ మాటను నిలబెట్టవు. 2014లో 102 అధ్యయనాలను, ఆరు లక్షల అరవై వేలకు పైగా పిల్లల వివరాలను కలిపి చూసిన ఒక సమీక్షలో, ఫాస్టర్ కేర్‌లో (అధికారుల ఏర్పాటుతో తాత్కాలికంగా వేరే కుటుంబంలో పెరిగే పద్ధతిలో) బయటివాళ్ల ఇళ్లకు వెళ్లిన పిల్లలకంటే బంధువుల దగ్గర పెరిగినవాళ్లలో ప్రవర్తన సమస్యలు, మానసిక ఇబ్బందులు తక్కువగా కనిపించాయి. ఇల్లు మారాల్సిన అవసరమూ తక్కువే. ఆ అధ్యయనాల్లో అత్యధికం అమెరికావి, అన్నీ ఒకే నాణ్యతతో లేవు కూడా. అదే సమీక్షలో ఇంకో సంగతుంది: బంధువుల దగ్గరున్న పిల్లలకు మానసిక వైద్య సేవలు అందడం కూడా తక్కువే. అవసరం తక్కువ కావడం ఒక కారణం కావచ్చు. ‘మనవాళ్లే కదా’ అని ఎవరూ పట్టించుకోకపోవడం కూడా కారణమేనని నా అనుభవం చెప్తోంది.

అపోహ: సొంత మనవరాలిని పెంచడానికి డబ్బు అడుగుతారా?

ప్రేమకు ఖరీదు కట్టమని ఎవరూ అడగడం లేదు. ఫీజులు, మందులు, పెరిగే కాళ్లకు చెప్పులు... వీటికి చుట్టరికం చూసి తగ్గింపు ఉండదు కదా. అమెరికా సుప్రీంకోర్టు 1979లోనే మిల్లర్ వర్సెస్ యూఆకిమ్ కేసులో, బంధువుల ఇంట్లో ఉంటున్నారన్న కారణంతో పిల్లలకు ఫాస్టర్ కేర్ సాయం నిరాకరించకూడదని తేల్చింది. అధికారికంగా ఏర్పాటు కాని సంరక్షణను కూడా ప్రభుత్వాలు గుర్తించి ఆదుకోవాలనే 2009 మార్గదర్శకాలూ చెప్తాయి.

దీని వెంటే కాగితాల సంగతి. పెంచుతున్నంత మాత్రాన చట్టం దృష్టిలో సంరక్షకులు అయిపోరు, దత్తత తీసుకున్నట్టు అసలే కాదు. ఆపరేషన్‌కు ఎవరు సంతకం పెట్టాలి, బడిలో ఎవరి పేరుండాలి, పాస్‌పోర్టుకు ఎవరి అనుమతి కావాలి అన్న నియమాలు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి. అవసరం పడకముందే న్యాయసలహా తీసుకోండి, తల్లిదండ్రులు మాట్లాడే స్థితిలో ఉంటే రాతపూర్వకంగా రాయించుకోండి.

అపోహ: బంధువుల ఇల్లంటే భద్రతకు ఢోకా ఉండదు

భద్రత ఉంటుందని ముందే అనుకోవద్దు, చూసి తేల్చుకోవాలి. ఇంట్లో ఇంకెవరెవరు ఉంటారు, పిల్ల ఎక్కడ పడుకుంటుంది, సొంత పిల్లలు చదువుకుంటుంటే ఈ పిల్ల ఇంటిపనిలో ఉంటోందా? ఈ ప్రశ్నలడిగితే చుట్టాలు నొచ్చుకుంటారు. నొచ్చుకున్నా అడగాల్సిందే. పిల్లతో విడిగా, పెద్దవాళ్లెవరూ పక్కన లేకుండా మాట్లాడాలి. తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పుకునే హక్కు పిల్లలకుందని 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెప్తోంది. అమ్మానాన్నలు వచ్చి చూసి వెళ్లే విషయమూ అంతే. పూర్తిగా ఆపేయడం, తలుపులు బార్లా తెరవడం రెండూ కాదు. పిల్లకు క్షేమమైన పద్ధతిలో, చెప్పిన రోజున చెప్పిన వేళకు జరగాలి.

అపోహ: పిల్లల ముందు పెద్దవాళ్లు ఏడవకూడదు

కూతురు పోయాక మనవరాలిని పెంచుతున్న ఓ అమ్మమ్మ రోజూ స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చేది. బయట ఏడేళ్ల పాప తలుపు దగ్గరే నిలబడి వినేదని ఆమెకు తెలియదు. పెంచేవాళ్లకూ సొంత దుఃఖం ఉంటుందని, అది దాచేకొద్దీ పిల్లలు తమ ఏడుపు కూడా దాచుకుంటారని మాట్లాడుకున్నాం. తర్వాతి వారం ఆమె కుళాయి తిప్పలేదట. బయటికొచ్చి, "మీ అమ్మ గుర్తొచ్చిందే" అని చెప్పిందట. పాప ఏమీ అనలేదు. లోపలికెళ్లి తువ్వాలు తెచ్చిచ్చి, "నాకు నిన్న గుర్తొచ్చింది" అందట.