గ్లౌజు పడకపోతే నర్సింగ్ మానేయాలా?

వార్డు డ్యూటీలు మొదలైన కొత్తలో గ్లౌజు తీయగానే చేతులు ఎర్రబడి దురద పెడితే, ఇంట్లో వెంటనే వినిపించే మాట "చదువు మానేయమ్మా" అనే. మానక్కర్లేదు. ముందు అది ఏ దురదో తేలాలి.

పలాస, సోంపేట, బరంపురం వైపు పిల్లలైతే ఇంకో అనుమానం కూడా తీర్చుకోవాలి. జీడిపిక్క తొక్కలోని నూనె చర్మాన్ని పొక్కిస్తుంది. సెలవులకు ఇంటికెళ్లి పిక్కలు కొట్టొచ్చిన చేతులైతే, తప్పు గ్లౌజుది కాకపోవచ్చు.

చేతులు మాటిమాటికీ కడిగి, తడి ఆరకముందే గ్లౌజు తొడిగితే చర్మం పొడిబారి పగులుతుంది. ఇది ఎలర్జీ కాదు. గ్లౌజు వేసుకున్న ఒకటి రెండు రోజులకు, అది తగిలినంత మేరే పొక్కులు లేస్తే కారణం చాలావరకు రబ్బరు తయారీలో కలిపే థయూరమ్, కార్బమేట్ వంటి రసాయనాలు. రబ్బరు పాలు లేకుండా చేసే నైట్రైల్ గ్లౌజుల్లోనూ ఇవి చాలావాటిలో ఉంటాయి. అందుకే కొందరికి నైట్రైల్‌కి మారినా తగ్గదు. ప్యాచ్ టెస్ట్ (అనుమానమున్న రసాయనాల్ని చర్మం మీద అంటించి చూసే పరీక్ష) చేయించుకుని, ఆ రసాయనాలు లేని రకం వెతుక్కోవాలి.

అసలు భయపడాల్సింది మూడోదానికి. గ్లౌజు వేసిన నిమిషాల్లోనే దద్దుర్లు, తుమ్ములు, ఆయాసం వస్తే అది రబ్బరు పాలలోని ప్రోటీన్లు పడకపోవడం. రక్తంలో ఐజీఈ (ఎలర్జీ కలిగించే యాంటీబాడీ) పరీక్షతోనో, డాక్టరు దగ్గర చర్మాన్ని చిన్నగా గుచ్చి చూసే ప్రిక్ టెస్ట్‌తోనో తేలుతుంది. అరటిపండు, బొప్పాయి తింటే గొంతు దురద పెడుతుందా? అదీ డాక్టరుకి చెప్పండి. వాటిలోని కొన్ని ప్రోటీన్లు రబ్బరు ప్రోటీన్లను పోలి ఉంటాయి.

ఇక్కడ మీరొక్కరే నైట్రైల్ వేసుకుంటే చాలదు. పౌడరు గ్లౌజుల్లోని మొక్కజొన్న పిండి ఆ ప్రోటీన్‌ని అంటించుకుని గాలిలోకి లేస్తుంది. పక్క మంచం దగ్గర ఎవరో గ్లౌజు చటుక్కున లాగితే మీకు ఆయాసం రావచ్చు. అమెరికా 2017లో పౌడరు గ్లౌజుల్ని నిషేధించింది. కాబట్టి ఇన్‌ఛార్జి సిస్టరుతో మాట్లాడి వార్డు మొత్తానికి పౌడరు లేనివి తెప్పించడమే అసలు పని. ఉద్దానం కిడ్నీ రోగులు వచ్చే డయాలసిస్ యూనిట్లలో ఇది మరీ ముఖ్యం. అక్కడ రోగి మారినప్పుడల్లా గ్లౌజు మార్చాల్సిందే.

ఆపరేషన్ థియేటర్లో రబ్బరు పాలు లేని స్టెరైల్ నియోప్రిన్, పాలీఐసోప్రిన్ గ్లౌజులు అడగండి. వినైల్ త్వరగా చిరుగుతుంది, రక్తం పనికి వద్దు. పెట్టె మీద 'హైపోఎలర్జెనిక్' (ఎలర్జీ తక్కువ) అని ఉన్నంత మాత్రాన రబ్బరు లేదని కాదు. మూత్రానికి పెట్టే గొట్టం, ఫోలీ క్యాథెటర్, పూర్తి సిలికాన్‌దై ఉండాలి. పైన సిలికాన్ పూసినదానికి లోపల రబ్బరే ఉంటుంది. చేతికి బిగించే టోర్నికే ట్యూబు, పాత బీపీ కఫ్ లోపలి సంచి కూడా చూసుకోండి.

ఈ ఎలర్జీ ముదిరి ఊపిరాడక బీపీ పడిపోతుంటే చాలాచోట్ల ముందు ఎవిల్ (దురద, దద్దుర్లు తగ్గించే మందు) ఇంజెక్షన్ కోసం వెతుకుతారు. అది పొరపాటు. మొదట అడ్రినలిన్: పెద్దవాళ్లకు 1:1000 మందు 0.5 మి.లీ., తొడ బయటివైపు మధ్యలో కండలోకి. తగ్గకపోతే 5 నిమిషాలకు మళ్లీ. ఎవిల్, స్టెరాయిడ్ ఆ తర్వాతే.

రేపు మీకే ఆపరేషనో కాన్పో అయితే ముందే చెప్పి, రబ్బరు లేని సామాను సిద్ధం చేయించుకోండి. ముందే తేదీ పెట్టుకున్న ఆపరేషనైతే ఆ రోజు మొదటి కేసుగా పెట్టమనండి. అప్పటికి థియేటర్ గాలిలో పౌడరు లేచి ఉండదు.